కొత్త జూమ్ కొనేముందు అటక మీది పాత లెన్స్ దించండి



అర్ధ సంవత్సర పరీక్షలు ముగిశాయి. సంక్రాంతి సెలవులు దగ్గరపడుతున్నాయి. ఈ మధ్య మన పిల్లల కోరికల జాబితాలో కెమెరా తరచూ కనిపిస్తోంది. ఇంట్లో కెమెరా ఇప్పటికే ఉంటే, "నాన్నా, దూరంగా ఉన్న పిట్టను దగ్గరగా చూపించే పెద్ద లెన్స్ కావాలి" అన్నది తర్వాతి కోరిక. ఆన్‌లైన్‌లో ఆ లెన్స్ ధర చూసి మీరు ఒకసారి ఊపిరి బిగబట్టి ఉంటారు. అయినా పిల్లల కోసమే కదా అని ఈఎంఐ లెక్క కూడా వేసుకుని ఉంటారు.

ఆ బటన్ నొక్కేముందు ఒక్క సీజన్ ఆగమని అడగడానికే ఈ వ్యాసం. ఇంట్లో మిర్రర్‌లెస్ కెమెరాయో డీఎస్‌ఎల్‌ఆరో ఉన్నట్లయితే, మీ అబ్బాయికో అమ్మాయికో మొదట ఒక పాత మాన్యువల్ టెలిఫోటో లెన్స్ ఇవ్వండి. ఫిల్మ్ కాలం నాటి 135 మిల్లీమీటర్లదో, 200 మిల్లీమీటర్లదో అయితే చాలు. డబ్బు మిగులుతుందన్నది నిజమే. కానీ నేను ఈ మాట చెప్పడానికి అసలు కారణం అది కాదు. కొత్త లెన్స్ పిల్లల బదులు తానే చేసేసే పనులు కొన్ని ఉన్నాయి. నేర్చుకునే వయసులో ఆ పనులు పిల్లల చేతుల్లోనే ఉండాలని నా అభిప్రాయం.

పాతది కొత్తదానికి ఎలా సరిపోతుంది?

మొదట వచ్చే సందేహం ఇదే. ఫిల్మ్ రోజుల ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో లెన్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య ఒక అద్దం ఉండేది. ఫొటో తీసే క్షణంలో అది పైకి లేవాలి. దానికి చోటు కావాలి కాబట్టి లెన్స్ బిగించే అంచు నుంచి ఫిల్మ్ దాకా 40 మిల్లీమీటర్లకు పైగా దూరం ఉంచేవారు. నికాన్ ఎఫ్ మౌంట్‌లో అది 46.5 మి.మీ., పాత పెంటాక్స్ లెన్స్‌లలో 45.46 మి.మీ., కెనాన్ ఎఫ్‌డీలో 42 మి.మీ. నేటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ అద్దమే లేదు. అందుకే ఆ దూరం సోనీ ఈ మౌంట్‌లో 18, కెనాన్ ఆర్ఎఫ్‌లో 20, నికాన్ జడ్‌లో 16 మిల్లీమీటర్లకు తగ్గింది.

తేడా ఎంతో అంత మందం ఉన్న లోహపు రింగు మధ్యలో పెడితే చాలు, పాత లెన్స్ కొత్త కెమెరా మీద పనిచేస్తుంది. నికాన్ ఎఫ్ నుంచి నికాన్ జడ్‌కు 46.5లోంచి 16 తీసేస్తే 30.5 మి.మీ. అడాప్టర్ అంటే ఇదే. లోపల గాజు లేదు, చిప్ లేదు. ఆరో తరగతి తీసివేత లెక్క అంతే.

డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు కొంచెం చూసుకోవాలి. వాటిలో అద్దం ఇంకా ఉంది కాబట్టి అన్ని లెన్స్‌లూ కుదరవు. కెనాన్ ఈఎఫ్ మౌంట్ దూరం 44 మి.మీ. కాబట్టి నికాన్ లెన్స్‌లూ, మర పెట్టి తిప్పి బిగించే ఎం42 లెన్స్‌లూ దాని మీద కూర్చుంటాయి. కెనాన్ వాళ్లదే అయిన పాత ఎఫ్‌డీ లెన్స్ మాత్రం, మధ్యలో గాజు ఉన్న అడాప్టర్ లేకుండా దూరపు వస్తువుల మీద ఫోకస్ కాదు. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ అయితే 1977 నుంచి వచ్చిన ఏఐ రకం లెన్స్‌లు నేరుగా బిగుస్తాయి. అంతకు ముందు వాటిని మార్పు చేయించకుండా కొన్ని బాడీల మీద పెడితే మీటరింగ్ మీట దెబ్బతింటుంది. కొనేముందు దుకాణంలో మీ కెమెరా మోడల్ చెప్పి అడగండి.

బిగించాక కెమెరా "లెన్స్ లేదు" అని మొరాయించవచ్చు. మెనూలో లెన్స్ లేకుండానే షట్టర్ విడుదలయ్యే ఆప్షన్ ఆన్ చేయాలి. కెమెరాలోనే స్టెబిలైజేషన్ ఉంటే ఫోకల్ లెంగ్త్ 200 అని చేత్తో నమోదు చేయాలి. ఫోకస్ పీకింగ్ ఆన్ చేస్తే పదునుగా ఉన్న అంచులు రంగుతో మెరుస్తాయి. మాగ్నిఫయర్ నొక్కితే పిట్ట కన్ను పెద్దదిగా కనిపిస్తుంది. ఫిల్మ్ కాలంలో లేని సదుపాయాలివి. నిజానికి ఈ లెన్స్‌లతో ఫోకస్ చేయడం అప్పటికంటే ఇప్పుడే సులువు.

పాఠ్యపుస్తకం రింగు మీదే ఉంది

పాత లెన్స్ మెడ చుట్టూ 4, 5.6, 8, 11, 16 అని అంకెలు చెక్కి ఉంటాయి. మీ పదో తరగతి అమ్మాయిని పిలిచి, "ఈ వరుస ఏమిటో చెప్పు" అనండి. అది గుణశ్రేఢి, సామాన్య నిష్పత్తి రూట్ 2. ఒక్కో మెట్టుకు రంధ్రం వ్యాసం రూట్ 2 వంతున తగ్గితే వైశాల్యం సగమవుతుంది, వెలుతురూ సగమవుతుంది. 200 మి.మీ. లెన్స్ ఎఫ్ 4 అంటే రంధ్రం వ్యాసం 50 మి.మీ. రింగు తిప్పుతూ ముందు నుంచి చూస్తే లోపలి రేకులు మూసుకోవడం కంటికి కనిపిస్తుంది. కొత్త లెన్స్‌లలో చాలావాటికి ఆ రింగే లేదు, కెమెరా వెనక ఒక చక్రం తిరుగుతుంది, తెర మీద అంకె మారుతుంది.

సరూప త్రిభుజాలు కూడా ఇక్కడే ఉన్నాయి. పాలపిట్ట పొడవు సుమారు 30 సెంటీమీటర్లు. 20 మీటర్ల దూరంలో తీగ మీద కూర్చుంటే 200 మి.మీ. లెన్స్ దాన్ని సెన్సర్ మీద వందో వంతుకు కుదిస్తుంది. అంటే 3 మి.మీ. ఏపీఎస్-సీ సెన్సర్ ఎత్తు 15.6 మి.మీ., కాబట్టి పిట్ట ఫ్రేములో అయిదో వంతు ఉంటుంది. చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు, మన నుంచి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే దాదాపు 110. 200ను 110తో భాగించండి: చంద్రుడి బింబం సెన్సర్ మీద 1.8 మి.మీ. మీ వాడు ఫొటో తీసి, అందులో చంద్రుడు ఎన్ని పిక్సెళ్లు ఉన్నాడో లెక్కపెట్టి చూడనివ్వండి. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ కెమెరాలో సుమారు 460 రావాలి. లెక్క నిజమని తన కెమెరాతో తనే రుజువు చేసుకున్న పిల్లవాడికి ఆ అధ్యాయం మళ్లీ బట్టీ పట్టాల్సిన అవసరం రాదు.

లోపాలు కూడా పాఠమే. పాత టెలిఫోటోలో వెలుగు ఎక్కువగా ఉన్న కొమ్మ అంచుల వెంట ఊదారంగు గీత కనిపిస్తుంది. పట్టకంలో తెల్లని కాంతి విడిపోవడం గురించి భౌతికశాస్త్రం పుస్తకంలో చదివింది ఇదే. రంధ్రాన్ని ఎఫ్ 8కి తగ్గిస్తే ఆ గీత కొంత తగ్గుతుంది. ఎందుకు తగ్గిందని అడిగితే సాయంత్రమంతా మాట్లాడుకోవడానికి సరిపోతుంది.

ఇంకో సంగతి. పాత లెన్స్‌కు ఎలక్ట్రానిక్ స్పర్శలు లేవు. కాబట్టి ఎఫ్ సంఖ్య ఎంత పెట్టారో ఫొటో ఫైలులో నమోదు కాదు. అందుకని ఒక చిన్న నోటుబుక్కు కావాలి: తేదీ, చోటు, పిట్ట పేరు, ఎఫ్ సంఖ్య, షట్టర్ వేగం, ఫలితం. ప్రయోగం రికార్డు రాయమంటే మూలిగే పిల్లలు ఇక్కడ తమకు అవసరమై రాస్తారు.

మన చుట్టూ చూడాల్సింది చాలా ఉంది

సైబర్ టవర్స్ తెరుచుకున్నది 1998లో. దాని చుట్టూ ఉన్న రాళ్ల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. దుర్గం చెరువు గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువు. ఇప్పుడు దాని మీద 2020లో తెరిచిన తీగల వంతెన ఉంది. కొత్తగూడలో బొటానికల్ గార్డెన్ ఉంది. మియాపూర్ దాటితే 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు ఉంది. కారులో కాస్త దూరం వెళ్తే, 1908 మూసీ వరదల తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ ఉన్నాయి. చలికాలంలో వలస పక్షులు ఈ చెరువులకు వస్తాయి, మార్చి దాటాక వెళ్లిపోతాయి. అంటే ఇప్పుడు మన చేతిలో ఉన్నది సరిగ్గా ఒక సీజన్.

ఈ చూపు మన నేలకు కొత్తది కాదు. 1930ల మొదట్లో సలీం అలీ హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. అంతకు ముందు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద ఈ నగరాన్ని చిత్రించారు. ఆయన 1844లో పుట్టి 1905లో కన్నుమూశారు. ఈ కారిడార్‌లోని తల్లిదండ్రులకు నచ్చే విషయం ఒకటుంది: ఆయన చదివింది రూర్కీలో ఇంజినీరింగ్. ఫొటోగ్రఫీ తర్వాత పట్టుకున్నారు. ఒక్కో గాజు పలక ఖర్చూ బరువూ తెలిసినవారు కాబట్టి ముందు చూసి తర్వాత తీశారు. మన పిల్లలు ముందు తీసి తర్వాత చూస్తున్నారు, చాలాసార్లు చూడటం కూడా లేదు.

మా వాడు విసిగిపోతాడేమో అంటారా?

విసిగిపోతాడు. మొదటి ఆదివారం 200 ఫొటోలు తీస్తే నాలుగు కూడా పదునుగా రాకపోవచ్చు. 200 మి.మీ. లెన్స్‌తో ఎఫ్ 4 దగ్గర, 10 మీటర్ల దూరంలోని పిట్ట మీద ఫోకస్ పెడితే స్పష్టంగా కనిపించే లోతు దాదాపు 40 సెంటీమీటర్లే. అయిదు మీటర్లకు దగ్గరైతే అది 10 సెంటీమీటర్లకు పడిపోతుంది. చెయ్యి వణికితే బొమ్మ చెదిరిపోతుంది కాబట్టి షట్టర్ వేగం సెకనులో 300వ వంతు కంటే తగ్గకూడదు. పొద్దున తొమ్మిది దాటితే రాళ్ల మీంచి లేచే వేడిగాలికి దూరపు దృశ్యం అలలా కదులుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన లెన్సయినా చేయగలిగింది తక్కువే. అందుకే ఆరున్నరకల్లా చెరువు గట్టు మీద ఉండాలి.

ఇవన్నీ ఇబ్బందులే. కానీ పది నిమిషాల్లో కొత్తిమీర కట్ట గుమ్మం ముందుకొచ్చే ఊళ్లో పెరుగుతున్న పిల్లలకు ఇలాంటి ఇబ్బంది మరెక్కడ దొరుకుతుంది? పాలపిట్ట తీగ మీంచి నేలకు దూకి పురుగును పట్టుకుని, చాలాసార్లు మళ్లీ అదే తీగ మీదికి వస్తుంది. అది వచ్చే చోట ముందే ఫోకస్ పెట్టుకుని కాచుకుని కూర్చోవడం ఆటోఫోకస్ నేర్పదు. ఆ పక్షి అలవాటు తెలిస్తేనే ఫొటో వస్తుంది. ఈ లెన్స్ పిల్లలకు ఇచ్చే అసలు చదువు ఇదేనని నా నమ్మకం.

"ఫోన్ ఉందిగా, బోలెడంత జూమ్ ఉంది" అని ఇంకొందరు అంటారు. ఫోన్ మంచి సాధనమే. అయితే కొన్ని ఫోన్లు ఫ్రేములో ఉన్నది చంద్రుడని గుర్తుపట్టి, అస్పష్టంగా ఉన్న వివరాన్ని సాఫ్ట్‌వేర్‌తో మెరుగుపరిచి చూపిస్తాయి. బొమ్మ బాగుంటుంది, కానీ అందులో తాను చూసింది ఎంత, యంత్రం కలిపింది ఎంత అన్నది పిల్లవాడికి తెలియదు. పాత లెన్స్ ఏమీ కలపదు. వచ్చింది తన పని, రాకపోయిందీ తన పనే.

"కొత్తదే కొనగలం, పాతదెందుకు?" అన్నది మూడో ప్రశ్న. నిజాయితీగా చెప్పాలంటే, కొన్ని చోట్ల కొత్తదే కావాలి. స్కూల్ క్రికెట్ మ్యాచ్, ఎగిరే పక్షి, వేదిక మీద నాట్యం చేసే చెల్లి, వీటికి పాత మాన్యువల్ లెన్స్ పెద్దగా పనికిరాదు. పదేళ్లలోపు పిల్లలకు అర కిలోకు అటూ ఇటూగా ఉండే లోహపు లెన్స్ బరువు కూడా. వాళ్లకు ముందు బైనాక్యులర్ ఇవ్వండి. నేను అడుగుతున్నది మార్చి చివరి దాకా మాత్రమే. అప్పటికి నోటుబుక్కులో 20 పేజీలు నిండి, "ఇది ఎగిరేటప్పుడు తీయలేకపోతున్నాను" అని కారణం చెప్పి అడిగితే సంతోషంగా కొత్తది కొనండి. ఆ డబ్బు వృథా కాదు. నోటుబుక్కు ఖాళీగా ఉంటే మీకు మిగిలింది చాలా పెద్ద మొత్తం.

ఎక్కడ దొరుకుతుంది, ఏం చూడాలి?

మొదట ఊళ్లో వెతకండి. పెంటాక్స్ కె1000, జెనిట్, నికాన్ లాంటి కెమెరాలు ఒకప్పుడు మన జిల్లాల స్టూడియోల్లోనూ కొన్ని ఇళ్లలోనూ తిరిగినవే. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తాతయ్యనో, పెదనాన్ననో, ఫొటో స్టూడియో నడిపిన మామయ్యనో అడగండి. అటక మీద తోలు సంచీలో ఒక 135 మి.మీ. లెన్స్ పడి ఉండొచ్చు. లెన్స్‌తో పాటు ఆయన పెళ్లిళ్లలో ఫొటోలు తీసిన కబుర్లూ మనవడికి దొరుకుతాయి. ఇంట్లో లేకపోతే కోఠి, అబిడ్స్ వైపు పాత కెమెరాలు అమ్మే, బాగుచేసేవాళ్లను వాకబు చేయండి.

చేతికి వచ్చాక మూడు పరీక్షలు చేయండి. ఒకటి, వెనక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. రెండు, ఎఫ్ రింగు తిప్పితే రేకులు చటుక్కున కదలాలి, వాటి మీద నూనె మరకలు ఉండకూడదు. మూడు, ఫోకస్ రింగు బిగుసుకుపోకుండా, వదులుగా ఊగకుండా నున్నగా తిరగాలి. అడాప్టర్ బిగించాక దూరపు టవర్ మీదో చంద్రుడి మీదో ఫోకస్ అవుతోందో లేదో కూడా చూడండి. అడాప్టర్ కొంచెం మందమైనా దూరపు వస్తువులు పదునుగా రావు.

తెచ్చాక మళ్లీ ఆ తోలు సంచీలో పెట్టకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, వానాకాలంలో ఫంగస్‌కు అదే ఇల్లు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచితే చాలు.

మూడు కట్టుబాట్లు

ఇవి బేరానికి వీల్లేనివి. లెన్స్ ఇచ్చేరోజే చెప్పండి.

మొదటిది సూర్యుడు. టెలిఫోటోను సూర్యుడి వైపు తిప్పకూడదు. డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లోంచి చూస్తే కన్ను శాశ్వతంగా దెబ్బతినవచ్చు. మిర్రర్‌లెస్ అయితే సెన్సర్ కాలిపోవచ్చు. గ్రహణం రోజైనా ఇదే నియమం, సరైన సోలార్ ఫిల్టర్, పక్కన తెలిసిన పెద్దవాళ్లు లేకుండా వద్దు.

రెండోది ఎదుటి ఇంటి కిటికీ. మనలో చాలామంది ఉండేది ఎత్తయిన టవర్లలో. పన్నెండో అంతస్తు బాల్కనీలోంచి 200 మి.మీ. లెన్స్ చంద్రుడితో పాటు ఎదుటి బ్లాక్‌లోని వంటగదినీ చూపిస్తుంది. పిల్లవాడికి దురుద్దేశం లేకపోవచ్చు, అవతలి ఇంటి ఆవిడకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? బాల్కనీలో లెన్స్ ఎప్పుడూ ఆకాశం వైపే ఉండాలి. మనుషులను తీయాలంటే అడిగి తీయాలి. దూరం నుంచి చూడగల శక్తి చేతికొచ్చినప్పుడు ఏది చూడకూడదో తెలుసుకోవడం ఈ కాలపు పిల్లలకు అన్నిటికంటే ముఖ్యమైన పాఠమని నేననుకుంటాను. లెన్స్ మీద నేర్చుకున్న ఆ మర్యాద రేపు ఫోన్ దగ్గరా పనికొస్తుంది.

మూడోది గూడు. గూట్లో పిల్లలున్న పక్షి దగ్గరకు పోకూడదు, కొమ్మలు వంచకూడదు, రాయి విసిరి లేపకూడదు. దూరంగా ఉండటానికే టెలిఫోటో.

చివరగా మీతో ఒక మాట

దయచేసి దీన్ని మరో క్లాసు చేయకండి. కోచ్‌ను పెట్టకండి. మొదటి సీజన్‌లోనే పోటీలకు పంపకండి, వచ్చిన నాలుగు ఫొటోలను ఫ్యామిలీ గ్రూపులో పెట్టి లైకులు లెక్కపెట్టకండి. మార్కుల పట్టికలో దీనికి గడి లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. మీరు చేయాల్సింది ఒక్కటే, నెలకు రెండు ఆదివారాలు పొద్దున్నే లేచి పక్కన కూర్చోవడం. లాప్‌టాప్ ఇంట్లో వదిలేసి, ఫ్లాస్కులో టీ పట్టుకెళ్లండి. చెదిరిన ఫొటో చూపిస్తే "కొత్త లెన్స్ అయితే బాగా వచ్చేది" అనకండి. "ఈసారి పిట్ట ఎటు వెళ్లింది?" అని అడగండి.

వలస పక్షులు వెళ్లిపోవడానికి మూడు నెలలకు పైనే ఉంది. కొత్త లెన్స్‌లు ఏప్రిల్‌లో కూడా దుకాణంలో ఉంటాయి.